సగం ధరకు "కొత్త" టైర్లు: తయారీ తేదీ ఉన్న వైపును లోపలికి తిప్పి బిగించారు

కృష్ణలంక కారు (విజయవాడ)

అందరికీ నమస్కారం. మాది 2017 డిజైర్ వీఎక్స్ఐ, టైరు సైజు 165/80 ఆర్14. పాతవి అరిగిపోయాయి. పేరున్న డీలర్లు ఒక్కో టైరుకి నాలుగు వేల పైనే చెప్పారు. బైపాస్ పక్కన ఒక షాపులో మాత్రం 2,400కే ఇస్తామన్నారు. "సార్, ఇవి షోరూం టైర్లు. కొత్త కారు కొన్నవాళ్లు అల్లాయ్‌లు, పెద్ద టైర్లు వేయించుకుని కంపెనీ టైర్లు మాకిచ్చేస్తారు. వంద కిలోమీటర్లు కూడా తిరిగి ఉండవు" అన్నాడు ఓనరు. చూడటానికి నల్లగా నిగనిగలాడుతున్నాయి, బటన్ (నేల తాకే గాడుల భాగం) నిండుగా ఉంది. నాలుగూ వేయించాను. బిల్లు అడిగితే "బిల్లంటే 28 శాతం జీఎస్టీ పడుతుంది, మీ ఇష్టం" అని ఒక ఎస్టిమేషన్ చీటీ చేతిలో పెట్టాడు. డబ్బు ఫోన్‌పే చేశాను.

కొన్ని వారాలు బాగానే ఉంది. ఆ తర్వాత 70 దాటితే సీటు కింద దడదడ మొదలైంది. బ్యాలెన్సింగ్ పోయిందేమోనని వేరేచోటికి తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు వెనక ఎడమ టైరు విప్పి నన్ను పిలిచి చూపించాడు. నేల తాకే భాగంలో ఒకచోట పూరీలా ఉబ్బి ఉంది. సరే చూద్దామని మిగతావీ విప్పించాను. తేదీ అంకెలు లోపలి వైపు ఉన్నాయి. ఒకటి 3217, ఒకటి 0918, ఇంకొకటి 4416. నాలుగో దాని మీద అంకెలున్న చోట గీరేసి ఉంది. బయటి వైపు ఏ తేదీ లేదు.

షాపుకి వెళ్తే "రోడ్లు బాలేవు సార్, మేమేం చేస్తాం? బ్యాలెన్సింగ్ ఫ్రీగా చేసిస్తా" అన్నాడు. చీటీ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రబ్బరు స్టాంపు ఉంది, దాన్నే చూపిస్తున్నాడు. ఇప్పుడేం చేయమంటారు?

గుంతల రాజా (గుంటూరు)

బ్యాలెన్సింగ్ ఫ్రీ అట. ఉబ్బిన టైరుకి బ్యాలెన్సింగ్ చేసే మెషీన్ ఏదో ఆయన దగ్గరే ఉన్నట్టుంది, పేటెంట్ తీసుకోమనండి.

జోకు పక్కన పెడితే, అన్నా, ఆ కారు హైవే ఎక్కించకండి. ముందు స్టెప్నీ బిగించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

క్యాబ్ వాలా (హైదరాబాద్)

నాలుగు వేల టైరు రెండు వేల నాలుగొందలకి ఇస్తానంటే అప్పుడే అనుమానం రావాలి కదా బాస్. వాడు ధర్మసత్రం పెట్టుకుని కూర్చున్నాడా?

కృష్ణలంక కారు

క్యాబ్ వాలా గారూ, షోరూం నుంచి తీసిన టైర్లు తక్కువకి దొరకడం అబద్ధం కాదు. మా బావమరిది హైదరాబాద్‌లో అలాగే కొన్నాడు, మూడేళ్లుగా బాగానే తిరుగుతున్నాయి. తక్కువ ధర చూసి పడిపోయానని అనకండి. వాడు చెప్పిన సరుకు ఒకటి, బిగించింది ఇంకొకటి. నా గొడవ అది.

ఆటోనగర్ అన్న (విజయవాడ)

నాది టైర్ల వ్యాపారమే, కాబట్టి మా వాళ్లను వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోండి. షోరూం టైర్లనేవి నిజంగానే ఉంటాయి. కొత్త కారు డెలివరీ తీసుకున్న వారంలోనే అల్లాయ్‌లు, వెడల్పు టైర్లు వేయించుకునేవాళ్లు చాలామంది. ఆ పాత సెట్టు మేం ఎక్స్ఛేంజ్‌లో తీసుకుంటాం, తక్కువకి అమ్ముతాం. తప్పేం లేదు. కానీ అలాంటి సెట్టయితే నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి ఉంటాయి. తేదీల్లో కొన్ని వారాలు అటూ ఇటూ తేడా ఉండొచ్చేమో. 2016, 2017, 2018 కలిసి రావు. అలా వచ్చాయంటే మూడు నాలుగు కార్ల నుంచి ఏరి తెచ్చినవే.

ఇంకో మాట. జీఎస్టీ 28 శాతం అన్నాడు చూశారూ, అది పాత లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు టైర్ల మీద 18 శాతమే. ట్రాక్టర్ టైర్లకైతే 5. బిల్లు ఇవ్వకుండా తప్పించుకోవడానికి ఇంకా ఆ 28నే చెప్పి భయపెడుతున్నారు.

ఒకసారి ఆ టైర్ల గాడుల్లోకి చూడండి. టైరు భుజం మీద, అంటే బటన్ పక్క గోడని కలిసే అంచున, టీడబ్ల్యూఐ (అరుగుదల గుర్తు) అనో, చిన్న త్రిభుజమో ఉంటుంది. దానికి ఎదురుగా గాడి అడుగున అడ్డంగా ఒక రబ్బరు గట్టు ఉండాలి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తున. అరుగుదల ఆ గట్టు దాకా వస్తే టైరు పని అయిపోయినట్టు. గుర్తు ఉండి గట్టు లేకపోతే మాత్రం అది కటింగ్ వేసిన టైరు.

మొదటి కారు (రాజమండ్రి)

కటింగ్ వేయడమంటే ఏంటన్నా?

ఆటోనగర్ అన్న

అరిగిపోయిన టైరులో వేడి బ్లేడుతో గాడులు మళ్లీ లోతుగా కోస్తారు తమ్ముడూ. పైన పాలిష్ కొడితే కొత్తదానిలా కనిపిస్తుంది. గాడి కింద ఉండాల్సిన రబ్బరు పొర పలచబడిపోతుంది, ఆ కిందే స్టీలు తీగలు. కొన్ని లారీ టైర్ల మీద మళ్లీ గాడులు కోయొచ్చని కంపెనీయే రాసి ఇస్తుంది, వాటిలో అందుకు సరిపడా రబ్బరు అదనంగా వేస్తారు. కారు టైరులో అంత రబ్బరు ఉండదు.

రీట్రెడింగ్ వేరు, రెండూ కలపకండి. అందులో పాత బటన్ గీకేసి కొత్త రబ్బరు అతికించి ఉడికిస్తారు. ఆర్టీసీకి సొంతంగా రీట్రెడింగ్ షాపులే ఉన్నాయి, మనం ఎక్కే బస్సులు ఆ టైర్లతోనే తిరుగుతున్నాయి.

రబ్బరు మాస్టారు (మెదక్ జిల్లా)

టైర్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కృష్ణలంక కారు గారూ, ఉబ్బు నేల తాకే భాగంలో ఉందన్నారు, పక్క గోడలో కాదు కదా? ఈ తేడా మీకు చాలా పనికొస్తుంది.

పక్క గోడలో ఉబ్బు వచ్చిందంటే సాధారణంగా గుంతలోనో, డివైడర్ అంచుకో గట్టిగా తగిలి లోపలి దారాలు తెగాయని అర్థం. తెగినచోట గాలి పొరల మధ్యకి చేరి గోడను బయటికి నెడుతుంది. అలాంటి దాన్ని ఏ కంపెనీ కూడా వారంటీలో ఒప్పుకోదు. "రోడ్లు బాలేవు" అనే జవాబు అక్కడ చెల్లుతుంది.

నేల తాకే భాగంలో ఉబ్బితే కథ వేరు. బటన్ కింద రెండు వరసల స్టీలు బెల్టులుంటాయి. వాటికీ రబ్బరుకీ మధ్య అతుకు ఏళ్ల తరబడి వేడికి, ఆక్సిజన్‌కి బలహీనపడుతుంది. టైరు బండికి ఎక్కకపోయినా ఇది ఆగదు, నెమ్మదిగా సాగుతుందంతే. ఆ అతుకు ఊడటం మొదలైతే పైన గడ్డలా లేస్తుంది, దడదడ వస్తుంది. దడ స్టీరింగ్‌లో తెలిస్తే ముందు టైర్లను, సీటులో తెలిస్తే వెనక టైర్లను అనుమానించమంటారు. మీకు సీటులో వచ్చింది, వెనక టైరే తేలింది. దాన్ని అలాగే నడిపిస్తే ఒక రోజు బటన్ మొత్తం పట్టీలాగా ఊడొస్తుంది. హైవే పక్కన పడి ఉండే నల్ల పట్టీలు చూసే ఉంటారు.

ఇక నిగనిగలాడటం గురించి. రబ్బరులో ఓజోన్ తాకిడి నుంచి కాపాడే మైనం లాంటి పదార్థాలు కలుపుతాం. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటే అవి కొద్దికొద్దిగా పైకి వచ్చి పొరలా నిలుస్తాయి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న టైరుకి ఆ రక్షణ సరిగా అందదు. షాపు ముందు ఎండలో దొంతరగా పేర్చి ఉంచితే ఇంకా తొందరగా సన్నటి పగుళ్లు వస్తాయి. పాలిష్ ఆ పగుళ్లను కప్పేస్తుంది. తడిగుడ్డతో గట్టిగా తుడిచి, గోడని బొటనవేళ్లతో నొక్కి చూడండి, కనిపిస్తాయి.

మొదటి కారు

మాస్టారూ, 3217 అంటే 2017 మార్చి 32... అలా ఏదో అనుకున్నాను. ఎలా చదవాలి?

రబ్బరు మాస్టారు

మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3217 అంటే 2017లో 32వ వారం, ఆగస్టు నెల. 'డీఓటీ' అని మొదలయ్యే వరుస చివర ఈ నాలుగంకెలు ఉంటాయి. చాలా టైర్లకు పూర్తి వరుస ఒక పక్కనే అచ్చవుతుంది, రెండో పక్క తేదీ ఉండదు. అందుకే తిప్పి బిగిస్తే కనిపించకుండా పోతుంది. తేదీ లోపలి వైపు ఉన్నంత మాత్రాన మోసమని కాదు, ఫిట్టర్లు అలవాటుగా ఎలాగైనా ఎక్కించేస్తారు. నాలుగూ లోపలికే ఉండి, ఒకదాని మీద గీరేసి కూడా ఉందంటే మాత్రం అలవాటు అనలేం.

సైజు పక్కన 85టీ లాంటిది కూడా చూసుకోవాలి. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోల బరువు మోస్తుంది, టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా. బండికి కంపెనీ చెప్పినదానికన్నా ఆ అంకె తగ్గకూడదు.

దుబాయ్ జగిత్యాల

ఇక్కడ అయిదేళ్లు దాటిన టైరుతో కారు టెస్టుకి పోతే ఫెయిల్ చేస్తరు అన్నా, బటన్ ఎంత ఉన్నా సరే. ఎండలు అట్లాంటివి. నేను ఊరికి వచ్చినప్పుడు మా తమ్ముని కారు టైర్లు చూస్తే 2014వి. "బటన్ ఉంది కదనే" అంటడు. మనదగ్గర అందరు బటనే చూస్తరు, తేదీ చూసేటోడు లేడు.

క్యాబ్ వాలా

దుబాయ్ అన్నా, అయిదేళ్లకోసారి టైర్లు మార్చే స్థోమత అందరికీ ఉండదు. నావి ఎలాగూ రెండేళ్లకే అరిగిపోతాయి, నాకు తేదీతో పని లేదు. ఎండాకాలం మాత్రం జాగ్రత్త పడతా. మే నెలలో గాలి నాలుగైదు పాయింట్లు తగ్గించి పెడతా, వేడికి టైరు పేలకుండా.

రబ్బరు మాస్టారు

తమ్ముడూ, ఆ పని మానేయండి. గాలి తక్కువైతే పక్క గోడలు ఎక్కువగా వంగుతాయి, ఆ వంగడం వల్లే లోపల వేడి పుడుతుంది. ఎండాకాలం పేలిన టైర్లలో మా దగ్గరికి వచ్చినవి ఎక్కువగా గాలి తక్కువతో తిరిగినవే, గోడ లోపల నలిగిన గుర్తులు స్పష్టంగా కనిపించేవి. వేడికి గాలి పీడనం కొంచెం పెరుగుతుందని కంపెనీకి తెలుసు, అది లెక్కేసుకునే స్టిక్కర్ మీద అంకె రాస్తారు. డ్రైవర్ డోరు దగ్గర ఉంటుంది చూడండి. ఉదయాన్నే, బండి తిరగకముందు ఆ అంకె ప్రకారం నింపండి. వేడెక్కాక ఎక్కువ చూపిస్తోందని మధ్యలో తీసేయొద్దు.

క్యాబ్ వాలా

పదిహేనేళ్ల సర్వీసులో ఒక్క టైరూ పేలలేదు మాస్టారూ నాకు. అయినా మీ మాట కాదనను, ఈసారి స్టిక్కర్ ప్రకారమే పెట్టి చూస్తా.

గుంతల రాజా

నైట్రోజన్ కొట్టించుకుంటే ఈ గొడవే ఉండదు కదా?

రబ్బరు మాస్టారు

మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే ఉంది. మామూలు కారుకి డబ్బిచ్చి కొట్టించుకునేంత తేడా రాదు. నెలకి రెండుసార్లు గాలి చూసుకుంటే చాలు.

వకీలు అక్క (ఏలూరు)

అసలు విషయానికి వద్దాం. వినియోగదారుల కేసులు చూస్తుంటాను, కాబట్టి కృష్ణలంక కారు గారికి కొంచెం వివరంగా చెప్తాను.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే స్టాంపు చూసి వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) ఉంది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోనని మొండికేయడం రెండూ అక్కడ అనుచిత వ్యాపార పద్ధతుల కిందే ఉన్నాయి. బిల్లులో వాపసు గడువు రాయకపోతే ముప్ఫై రోజుల లెక్క వర్తిస్తుంది. మీకు ముప్ఫై రోజులు దాటిపోయినా ఫర్వాలేదు. పాతవాటిని కొత్తవని నమ్మించి అమ్మడం విడిగా ఒక ఫిర్యాదు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది.

బిల్లు లేకపోయినా ఫోన్‌పే రసీదు, ఆ చీటీ, దాని మీద స్టాంపు చాలా బలమైన ఆధారాలు. టైర్లు విప్పినప్పుడు తేదీ అంకెల ఫొటోలు, గీరేసిన చోటు ఫొటో, ఉబ్బు ఫొటో తీసిపెట్టుకోండి. బ్యాలెన్సింగ్ చేసిన కుర్రాడి దగ్గర ఏం చూశాడో ఒక కాగితం మీద రాయించి సంతకం చేయించుకోండి. ఆ టైర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ షాపులో వదిలేయకండి. తీర్పు వచ్చేదాకా అవే మీ సాక్ష్యం.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. దాంతోపాటు షాపుకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. చాలా గొడవలు నోటీసు దగ్గరే తెగిపోతాయి. తెగకపోతే వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కి కేసు దాఖలు చేయొచ్చు. కొన్న విలువ అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. షాపు ఎక్కడున్నా, మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు.

క్యాబ్ వాలా

అక్కా, నేను బాడుగకి తిప్పే కారుకి టైర్లు కొంటే "నువ్వు వ్యాపారివి, వినియోగదారుడివి కాదు" అంటారట, నిజమేనా?

వకీలు అక్క

సొంత కారు మీరే నడుపుకుంటూ దాని మీదే బతుకుతుంటే మీరు వినియోగదారుడే. స్వయం ఉపాధికి చట్టంలో ఆ మినహాయింపు ఉంది. పది కార్లు పెట్టి డ్రైవర్లతో తిప్పిస్తే అప్పుడు వాళ్లు వాదిస్తారు.

ఆటోనగర్ అన్న

అక్క చెప్పింది నిజం. కానీ మా వైపు బాధ కూడా ఒకటి చెప్పనివ్వండి. తేదీ చూపించి, బిల్లు ఇచ్చి, కంపెనీ ధరకి అమ్మే షాపుకి వచ్చి "బైపాస్‌లో వాడు 2,400కే ఇస్తున్నాడు, నువ్వు దొంగవి" అని తిట్టిపోయేవాళ్లను రోజూ చూస్తుంటాం. మాకు ఒక్కో టైరు మీద మిగిలేది మీరు ఊహించేదానికన్నా తక్కువ. ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ డబ్బులతోనే షాపు అద్దె వెళ్తుంది.

నిజంగా తక్కువకి కావాలంటే డీలర్‌నే "పోయినేడాది స్టాకు ఉందా" అని అడగండి. నీడలో, సరిగా నిలవ ఉంచిన టైరు ఏడాది పాతదైనా ఏమీ కాదు, ధర తగ్గించి ఇస్తాం. బిల్లు వస్తుంది, కంపెనీ వారంటీ వస్తుంది. తర్వాత తయారీ లోపం బయటపడితే కంపెనీ ఇంజినీరు వచ్చి చూసి, అరిగినంత మేర కోత వేసి, మిగతాది కొత్త టైరు ధరలో తగ్గిస్తారు. బిల్లు లేకపోతే చాలా కంపెనీలు తయారీ తేదీ నుంచే వారంటీ లెక్క కడతాయి. 2016 టైరుకి అప్పుడు ఏం మిగులుతుంది చెప్పండి.

దిగుమతి సరుకని చెప్పి తక్కువకి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. 2020 జూన్ నుంచి కొత్త కారు టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలి. ఏ దేశం టైరైనా ఇక్కడ అమ్మాలంటే ఐఎస్ఐ మార్కు ఉండాలి. గోడ మీద వెతకండి.

కృష్ణలంక కారు

ఆటోనగర్ అన్న చెప్పినట్టు గాడుల్లో చూశాను. గీరేసిన టైరుకి త్రిభుజం గుర్తు ఉంది, ఎదురుగా గట్టు లేదు. మిగతా మూడింటికీ గట్లు ఉన్నాయి, అంటే అవి కటింగ్ కావు, ఎక్కడో మూలన పడి ఉన్న పాత టైర్లన్నమాట. తడిగుడ్డతో తుడిస్తే 4416 దాని గోడ నిండా సన్న పగుళ్లు.

1915కి ఫిర్యాదు ఇచ్చాను, నంబరు వచ్చింది. నోటీసు కూడా పంపాను. నిన్న ఓనరే ఫోన్ చేసి, "ఉబ్బినదీ, గీరినదీ వెనక్కిచ్చేయండి, డబ్బు ఇచ్చేస్తా. మిగతా రెండూ బాగానే ఉన్నాయిగా, ఉంచుకోండి" అంటున్నాడు. ఒప్పుకోమంటారా?

వకీలు అక్క

ఒప్పుకోకండి. నాలుగింటికీ డబ్బు రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో మాట్లాడినది వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి "మీరు ఇలా అన్నారు కదా" అని అడగండి, ఆయన జవాబు ఇస్తే అదీ ఆధారమే. డబ్బు మీ ఖాతాలో పడ్డాకే టైర్లు ఇవ్వండి.

గుంతల రాజా

ఇస్తే మళ్లీ పాలిష్ కొట్టి ఇంకొకరికి అమ్ముతాడు. ఫొటోలు తీసుకున్నాక పక్క గోడ కత్తితో చీల్చి ఇచ్చేయండన్నా.

వకీలు అక్క

డబ్బు రాకముందు చీల్చితే "వస్తువు పాడు చేశాడు" అని ఆయనే కేసు తిప్పుతాడు రాజా గారూ. ముందు సెటిల్ కానివ్వండి. "ఈ టైర్లు తిరిగి అమ్మకుండా స్క్రాప్‌కి వేస్తాం" అని రసీదులోనే రాయించుకోవచ్చు.

మొదటి కారు

ఈ చర్చ చదివి మా కారు టైర్లు చూశాను. మూడు 2022వి, బయటే కనిపిస్తోంది. స్టెప్నీ మాత్రం కారుతో వచ్చిందే, 2015. ఒక్కసారీ వాడలేదు, కొత్తదానిలాగే ఉంది. ఇంకో టైరు అరిగిపోతోంది కదా, స్టెప్నీని తీసి అక్కడ వేయనా? ఇంకో సందేహం, రెండే కొత్తవి కొంటే ముందు వేయాలా, వెనక వేయాలా?

క్యాబ్ వాలా

ముందే. ఇంజిన్ ముందు, స్టీరింగ్ ముందు, బ్రేకు బరువంతా ముందే పడుతుంది.

రబ్బరు మాస్టారు

వెనక వేయండి. వానలో ముందు చక్రాలు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, వేగం తగ్గిస్తే బండి దారికొస్తుంది. వెనక చక్రాలు జారితే బండి తిరిగిపోతుంది, మామూలు డ్రైవర్ చేతిలో ఉండదు. టైరు కంపెనీలు కూడా ఇదే చెప్తాయి. ముందువి తొందరగా అరుగుతాయి కాబట్టి క్యాబ్ వాలా గారి మాట లెక్కల్లో సరిపోతుంది కానీ, వానాకాలంలో సరిపోదు.

మీ 2015 స్టెప్నీని రోజువారీ చక్రంగా వేయకండి. పంక్చరైతే దగ్గర్లోని షాపు దాకా నెమ్మదిగా తీసుకెళ్లడానికి తప్ప దాన్ని నమ్మొద్దు. ఇప్పుడున్న వాటిలో బాగున్న టైరు ఒకటి స్టెప్నీకి మార్చి, రెండు కొత్తవి కొనండి.

ఆటోనగర్ అన్న

మొదటి కారు తమ్ముడూ, సైజు ఇక్కడే పెట్టు, ఈ ఏడాది తేదీలున్న సెట్టు ఎక్కడుందో కనుక్కుని చెప్తా. కృష్ణలంక కారు గారూ, మీరు కొత్తవి వేయించేటప్పుడు ఎక్కించకముందే తేదీ చూపించమనండి, ఆ నాలుగంకెలూ బిల్లు మీద రాయించండి. రాయనంటే లేచి వచ్చేయండి. నట్లు గన్నుతో బిగించి వదిలేస్తే చివర్లో టార్క్ రెంచ్ (సరైన బిగువు దాకా మాత్రమే బిగించే పనిముట్టు) పెట్టించడం మర్చిపోకండి. ఆదివారం మా వైపు షాపులుండవు, సోమవారం రండి.